చెదలు తిన్న భాగం

రష్మిని ఆమె మొగుడు బళ్లారిలో బస్సెక్కించి, ఆదోనిలో దిగేలోపే ఇక రావద్దని ఫోన్లో చెప్పాడు. ఎదురుగా చెప్పే ధైర్యం కూడా లేదు మహానుభావుడికి. అప్పటినుంచి నా మనవరాలు గోడవైపు తిరిగి పడుకుంది. మజ్జిగ కూడా ముట్టడం లేదు.

ఓదార్చేవాళ్లకు మాత్రం లోటు లేదు. పత్తి వ్యాపారుల ఇంటి కనకమ్మ వచ్చి, మా కాఫీ తాగుతూ సాలీడు కథ ఎత్తుకుంది.

"ఎన్నిసార్లు పడినా మళ్లీ గోడెక్కింది సూడు రష్మీ!"

"దాన్ని తోసేటోడు ఎవడూ లేడు కదమ్మా," అన్నాను. కనకమ్మ కాఫీ సగంలోనే వదిలి వెళ్లింది.

రష్మి తండ్రి, నా కొడుకు మాధవ్, ఎమ్మిగనూరు బడిలో పంతులు. కోటు వేసుకున్న ఒకాయన ఉపన్యాసం ఫోన్లో పెట్టాడు. ప్రతి చీకటి తర్వాతా వెలుగేనట. ఆ మాత్రానికి కోటెందుకు? రష్మి దుప్పటి తలమీదికి లాక్కుంది.

నాకు చదువు చెప్పినవాళ్లు లేరు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఓదార్చడం అసలే రాదు. అటకమీది పాత వారపత్రికల కట్ట దించి, నవ్వుల సీరియల్ అనుకుని ఒకటి పైకి చదవసాగాను. తీరా చూస్తే అందులో మొగుడు కొత్త పెళ్లాన్ని రైల్లో కూర్చోబెట్టి, నీళ్లు తెస్తానని గుంతకల్లులో దిగి, మళ్లీ ఎక్కలేదు. రైలు కదిలిపోయింది. గబగబా తర్వాతి సంచిక తీశాను. చెదలు తినేసి ఉంది.

మా ఇంట్లో ఎడబాటు దగ్గర పుస్తకం మూయరు. పురాణమైనా, పత్రికైనా, మనుషులు మళ్లీ ఒకచోట కూర్చునేదాకా చదివే లేవాలి. ఎంతమందినో సాగనంపినదాన్ని, నాకు ఆ భయం మరీ ఎక్కువ.

"అజ్జీ, ఆడ ఆపకూడదు గదా," అంది దుప్పట్లోంచి రష్మి.

"చెదలు తిన్నాయే! ఏం చదవమంటావు?"

"చదవొద్దులే, చెప్పు. ఏమైంది ఆ పిల్లకి?"

"ఏమవుతుంది... మొగుడు తిరిగొచ్చి..."

రష్మి లేచి కూర్చుంది. "నీళ్లు తెచ్చేకి అంతసేపా? థూ! వాన్ని ఆడనే ఉండనీ, దోమలు పీక్కు తింటాయి. ఆ పిల్ల ఆదోనిలో దిగుతాది."

"దిగి?"

"దిగి..." జుట్టు ముడేసుకుంది. "ఆకలైతాది దానికి."

"ఎవరే పెట్టేది?"

"ఒక ముసల్ది ఉంటాది. నోరు మంచిది కాదు. ఉగ్గాని మాత్రం బాగా చేస్తాది."

వంటింట్లోకి పోయి ఉగ్గానికి బొరుగులు నానబెట్టాను. ఇద్దరం పళ్లేల ముందు ఎదురెదురుగా కూర్చున్నాకే పత్రిక మూశాను. ఉప్పు చాలలేదని వంక పెట్టింది, రెండోసారి వడ్డించుకుంటూ.