సిమెంటు కోట

దిలీప్ ఖరాడే నా పిల్లల్ని పట్టుకుపోయాడు. ఇది పోలీసులకు చెప్పుకునే సంగతి కాదు, చెబితే నవ్వుతారు. ఇద్దరూ రాత్రికి ఇంటికే వస్తారు, ఇక్కడే తింటారు, ఇక్కడే పడుకుంటారు. కానీ దీపావళి సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచి పొద్దున లేస్తే చాలు, మోచేతుల దాకా మట్టి పూసుకోవడానికి నా వాకిలి దాటి, మూడిళ్ల అవతల ఖరాడే వాకిట్లోకి పరిగెత్తుతున్నారు. ఖరాడే బస్సు కండక్టరు. టికెట్ మిషను నొక్కే చేతులు వాడివి. మట్టికీ వాడికీ ఏం సంబంధం? నేను రాజారామ్ మేస్త్రీని. ఈ గల్లీలో సగం గోడలు నా తాపీ మీదుగా లేచినవే. ఖరాడే ఇంటి గోడ కూడా నేను కట్టిందే. అలాంటిది నా కూతురు కోట కట్టడానికి వాడింటికి పోవడమా?

సాతారాలో పిల్లలకు దీపావళి అంటే ముందు కోట, తర్వాతే టపాకాయలు. వాకిట్లో రాళ్లు పేర్చి, వాటి మీద గోనెసంచి కప్పి, ఎర్రమట్టి మెత్తి కొండ చేస్తారు. కొండ మీద బురుజులు, మెట్లు, అన్నిటికంటే పైన సింహాసనం మీద మహారాజు బొమ్మ, కింద సిపాయి బొమ్మలు. వాలు మీద ఆవాలు చల్లి నీళ్లు చిలకరిస్తే పండగ నాటికి పచ్చగా మొలుస్తాయి. పండగ వెళ్లాక నాలుగు బిందెల నీళ్లు కుమ్మరిస్తే అది మళ్లీ నేలలో కలిసిపోతుంది. మా ముక్తా చిన్నప్పటి నుంచీ కడుతోంది. తమ్ముడు విరాజ్‌కు కాళ్లొచ్చాక వాణ్ణి కూలీగా పెట్టుకుంది. మా మెట్లకూ తులసి కోటకూ మధ్యనున్న నేలముక్క వాళ్ల జాగా. నేనెప్పుడూ అటు చూసింది లేదు. పండగ ముందు మేస్త్రీకి ఊపిరాడదు. ప్రతి ఇంటికీ గోడ పగుళ్లు అప్పుడే గుర్తొస్తాయి.

పోయిన ఏడు ముక్తాకు పద్నాలుగేళ్లు వచ్చాయి. ఏమడిగినా “ఊ”, లేకపోతే “తెలీదు బాబా”. నేను గదిలోకి అడుగుపెడితే ఫోను బోర్లించి పెట్టేది. రోజంతా నలుగురు కూలీల మీద అరిచే నోరు నాది. ఇంటికొచ్చి పిల్లతో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. “తిన్నావా?” అనేవాణ్ణి. “ఊ” అనేది. అంతటితో అయిపోయేది.

ఆ రోజుల్లోనే బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. పుణె నుంచి ఒక మేడమ్ వచ్చింది, పిల్లల మనసులు చదువుకున్నావిడట. నాలుగో తరగతిలో బడి మానేశాక నేను బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. మోకాళ్లు పట్టలేదు. పక్కన ఖరాడే. వాడి కొడుకు కేదార్ మా విరాజ్ క్లాసే.

“ఈ వయసు పిల్లలకు నీతులు ఎక్కవు. రోజుకు ఒక గంట ఫోను పక్కన పెట్టి వాళ్లు చేసే పనిలో చేరండి. కోట కడుతుంటే కోట కట్టండి, రొట్టె చేస్తుంటే రొట్టె చేయండి. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. అక్కడ వాళ్లు మేస్త్రీలు, మీరు కూలీలు. తట్ట మోయమంటే మోయాలి. వంకరగా కట్టినా నోరు మెదపకూడదు,” అంది మేడమ్.

క్లాసంతా నవ్వి నావైపు తిరిగింది. ఖరాడే మోచేత్తో పొడిచాడు. “విన్నావా మేస్త్రీ? ఇన్నేళ్లు మేస్త్రీగా చేశాక నిన్ను కూలీకి దింపేశారు!”

నేనూ నవ్వాను. ఆ మాట వినలేదని గానీ, అర్థం కాలేదని గానీ ఇప్పుడు చెప్పుకోలేను. తర్వాత చేసిందంతా ఆ మాట చెవిలో ఉండగానే చేశాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నమే పని ఆపి ఇంటికొచ్చాను. పిల్లలిద్దరూ కొండ లేపుతున్నారు. నేను లుంగీ ఎగ్గట్టి పక్కన కూర్చునేసరికి ముక్తా నోరు తెరిచింది.

“పని లేదా బాబా?”

“నీ దగ్గర ఉందేమోనని వచ్చాను.”

అది తమ్ముడి వంక చూసింది. పెదాలు బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు. “అయితే మట్టి జల్లించు. రాళ్లుండకూడదు. విరాజ్ సరిగ్గా జల్లించడు, దొంగ కూలీ.”

“నేను కాదు దొంగ! తాయీ నాకు టీ కూడా ఇవ్వదు బాబా!” అన్నాడు వాడు, అక్క మీద చాడీగా.

జల్లించాను. ఆ కాసేపట్లో ముక్తా మాట్లాడిన మాటలు ఏడాది మొత్తంలో నాతో మాట్లాడినవాటి కంటే ఎక్కువ. కోట కింద ఊరు పెడుతుందట. ఊళ్లో బడి, పిండిమర, బస్టాండు. బస్టాండు నుంచి కోటకు మెలికల దారి.

“మహారాజు రోజుల్లో బస్టాండు ఎక్కడిదే?”

“ఇది నా కోట. దీనికి బస్సు ఉంది. సిపాయిలు పండక్కి ఇంటికి పోవద్దా మరి?”

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ నా కన్ను గోడ మీద పడింది. బురుజు పక్కన ముక్తా లేపిన గోడ కుడివైపు ఒరిగి ఉంది. వేళ్ల మీద చిన్న దురద లాంటిది మొదలైంది. లేచి వెళ్లి సంచిలోంచి గోడ నిటారు చూసే తూకపు గుండు తెచ్చాను.

“ఇది వంకర తల్లీ.”

“కొండ మీద గోడ అలాగే ఉంటుంది బాబా.”

“రాజారామ్ మేస్త్రీ గుమ్మం ముందు ఉండదు. నలుగురూ చూస్తారు.” గోడ పడగొట్టి తిన్నగా లేపాను. తర్వాత మెట్లు. ఆ తర్వాత బురుజు. కాసేపటికి మట్టి జల్లించేది ముక్తా అయింది. దీపాలు పెట్టే వేళకు చేతులు కడుక్కుని లోపలికి పోయింది. “రేపు చేద్దాం బాబా, కాళ్లు లాగుతున్నాయి,” అంది. నాకు మాత్రం పని మంచి ఊపులో ఉంది.

మర్నాడు వాళ్లమ్మ వైజయంతా పిల్లల్ని తీసుకుని కరాడ్‌లో పుట్టింటికి వెళ్లింది, కజ్జికాయల్లాంటి కరంజీలు చేయించుకు రావడానికి. సాయంత్రం దాకా రారు. ముక్తాను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. మట్టి కొండ మొత్తం పారతో తీసేశాను, ఊరు వేయడానికి గీసుకున్న గీతలతో సహా. మట్టి మీద కడితే కుంగుతుంది కాబట్టి కింద కంకర పోసి కాంక్రీటు బెడ్డు వేశాను. అది కదలకుండా ఇంటి పునాది గోడకు రంధ్రాలు చేసి చువ్వలు దిగ్గొట్టాను. పైన ఇటుక ముక్కలు, సిమెంటు మాలు. బురుజుల్లో ఒక్కటీ దారం తప్పలేదు. ప్లాస్టరింగు పొట్టు రాలకుండా నున్నగా తీశాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ యజమాని ఇల్లూ కట్టలేదు.

ఆటో దిగగానే విరాజ్ చూసి కేక పెట్టాడు. “అబ్బో! తొక్కినా విరగదా బాబా?”

“నువ్వు ముసలాడివయ్యేదాకా విరగదు.”

ముక్తా చుట్టూ ఒకసారి తిరిగింది. “ఊరు ఎక్కడ పెట్టాలి?”

“కోటకు ఊరెందుకు? ఫోటోలో చూసి కట్టాను, అచ్చం మహారాజు కోట రాయగఢ్.”

“బావుంది బాబా,” అంది. కోపంగా చెప్పి ఉంటే బదులు చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చిన చుట్టాల చీర చూసి అన్నట్టు అంది. తర్వాత వంటింట్లోంచి గుప్పెడు ఆవాలు తెచ్చి, తడి ఆరని వాలు మీద వేలితో ఒక్కొక్కటీ అద్దింది. సిమెంటులో ఆవాలు మొలవవని చెప్పబోయాను. దానికి తెలియదా? తెలిసే అద్దిందేమో. నేను అడగలేదు.

పాడ్యమి సాయంత్రం గల్లీ మండలి వాళ్లు పిల్లల కోటల పోటీకి వచ్చారు. మా కోట ముందు ఒక పెద్దాయన వంగి, “అమ్మాయ్, ఇదంతా నువ్వే కట్టావా?” అన్నాడు.

“లేదండీ. బాబా కట్టారు. మొదటి బహుమతి దీనికే ఇవ్వండి, చాలా కష్టపడ్డారు,” అంది ముక్తా.

వెక్కిరింత కాదు. నిజంగానే నా తరఫున అడిగింది. ఇచ్చారు కూడా. మైకులో ముక్తా పేరు పిలిస్తే లేవలేదు. విరాజ్‌ను లేపితే అక్క వెనక దాక్కున్నాడు. చివరికి నేనే వెళ్లి అందుకున్నాను. బహుమతి బడి సంచి, ఎర్రది, ముందు జేబుతో. చప్పట్ల మధ్య ఖరాడే గొంతు వినిపించింది. “ఏ క్లాసులో చేరుతున్నావ్ మేస్త్రీ? అయిదా?”

గల్లీ అంతా నవ్వింది. ఖరాడే మీద నా కోపం ఆనాటిది. ఆ మాటకు ముక్తా ఒక్కతే నవ్వలేదు. నా చేతిలో సంచి తీసుకుని, “ఇంటికి పోదాం బాబా,” అంది.

కోట నేను చెప్పినట్టే నిలబడింది. వానాకాలమంతా తడిసినా పొర కూడా లేవలేదు. పిల్లి దాని మీద పడుకునేది. వైజయంతా ఎండు మిరపకాయలు పోసేది. “ఏమైనా అనండి, కాయలకు మాత్రం భలే వేడి పట్టిస్తుంది మీ రాయగఢ్,” అనేది.

ఈ ఏడు సెలవులు ఇచ్చిన రోజు ముక్తాను అడిగాను. “కోట ఎప్పుడు మొదలుపెడదాం? ఈసారి నేను కూలీనే. ఒట్టు.”

జడ అల్లుకుంటూ మెట్ల పక్కకు చూసింది. “ఎక్కడ బాబా? జాగా లేదుగా.”

మర్నాటి నుంచి ఖరాడే ఇంటికి పోవడం మొదలుపెట్టారు. నాలుగు రోజులు ఓర్చుకుని అయిదో రోజు వెళ్లాను, ఇద్దరినీ చెవులు పట్టుకుని తెచ్చుకుందామని. ఖరాడే డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే గొంతుకూర్చుని మగ్గుతో నీళ్లు పోస్తున్నాడు.

“కాకా, ఎక్కువ పోశావ్! జారిపోతుంది!” ముక్తా కసురుతోంది.

“తప్పయింది మేస్త్రీ గారూ. కూలి కోసెయ్యకండి, ఇంట్లో పెళ్లాం తంతుంది.”

విరాజ్, కేదార్ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. కోట కింద ఊరు ఉంది. బడి, పిండిమర, అగ్గిపెట్టె అట్టతో బస్సు. ఖరాడే దాని ముందు వేలు పెట్టి “సాతారా, సాతారా, దిగేవాళ్లు దిగాలి!” అన్నాడు. వాలు మీద అప్పుడే ఆవాలు చిట్లి పచ్చటి తలలు ఎత్తుతున్నాయి. బురుజు పక్కన గోడ కుడివైపు ఒరిగి ఉంది, అచ్చం పోయిన ఏటిలాగే.

నేను తిట్టడానికే నోరు తెరిచాను. కానీ నా చెయ్యి నాకంటే ముందు ఆ గోడ వైపు పోయింది. దాన్ని చూసి ముక్తా తన రెండు అరచేతులూ గోడకు అడ్డం పెట్టింది. కుక్క వస్తే పిల్లలు అన్నం గిన్నెకు చేతులు అడ్డం పెట్టుకోరూ, అలా.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఖరాడే తల ఎత్తలేదు. వాడిలో ఆ మర్యాద ఉందని అప్పుడే తెలిసింది, దానికి కూడా ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి సమ్మెట తీశాను. మిరపకాయలు ఎత్తి పక్కన పెట్టి మొదటి దెబ్బ వేశాను. మంచి పని, అంత సులువుగా పోదు. భుజాలు పడిపోయేదాకా కొడితే బురుజులు విడిపోయాయి. చప్పుడుకు పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ముక్తా పెళ్ల ఒకటి చేతిలోకి తీసుకుంది. వాలు మీది ముక్క అది. ఆవాలు ఇంకా అలాగే అంటుకుని ఉన్నాయి, వరసగా, సిమెంటు రంగులో.

“ఇదంతా తీసేస్తాను తల్లీ. మళ్లీ మట్టి పోస్తాను. నువ్వు చెప్పినట్టే చేద్దాం.”

“ఈసారి అక్కడ మొదలుపెట్టేశాం కదా బాబా. సగంలో వదిలేస్తే కేదార్ ఏడుస్తాడు.”

“పోనీ వచ్చే ఏడు?”

“వచ్చే ఏడు నాకు పదో తరగతి. సెలవుల్లో కూడా క్లాసులుంటాయి.” మళ్లీ తనే, “విరాజ్ ఉంటాడుగా,” అంది. నన్ను ఊరడించడానికే అందని తెలుస్తూనే ఉంది.

పోనీ విరాజ్‌కైనా మట్టి తేలుతుందని బెడ్డు మీద పలుగు దించాను. రెండో పోటుకే ఇంటి గోడ మీద కిటికీ దాకా సన్నటి చీలిక పాకింది. చువ్వలు పునాదిలోకి దిగ్గొట్టింది నేనే. బెడ్డు పీకితే గోడ వస్తుంది. పలుగు కింద పెట్టేశాను.

ముక్తా మళ్లీ ఖరాడే ఇంటికి వెళ్లిపోయింది. విరాజ్ వెనక్కొచ్చి నా లుంగీ లాగాడు. “బాబా, అక్కడ మట్టి సరిపోవడం లేదు. తాయీ అంది, కావాలంటే నువ్వూ రావచ్చంట. కూలీగానే. తాపీ మాత్రం తేవద్దంది.”

నిన్న తోట పక్క దిబ్బ నుంచి తట్టతో ఎర్రమట్టి మోసి ఖరాడే వాకిట్లో పోశాను. “అక్కడ కాదు బాబా, ఇక్కడ,” అంది ముక్తా. ఎత్తి అక్కడ పోశాను. ఖరాడే బీడీ ఇచ్చాడు, తీసుకోలేదు. వాణ్ణి నేను క్షమించలేదు. కూతురి పనికి మట్టి మోయాలన్నా ఇప్పుడు వాడి గేటు తీసుకునే పోవాలి. ఎందుకంటే నా గుమ్మం పక్కన ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మట్టినేల ఉండేది. అది పోగొట్టుకున్నాను.