ఎవడు మింగాడు

కవల మనవళ్ళకు రెండేళ్ళు నిండే రోజుకి తాతయ్య రెండు రైలింజన్లు చేసి తెచ్చాడు. నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసి, చూపు మందగించాక కొట్టు మూసేసిన మనిషి ఆయన. మూడు నెలలపాటు రోజూ కాస్త కాస్త చెక్కి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం రంగు వేశాడు. ముందు చిన్న దీపం పెట్టాడు. పొగగొట్టం నొక్కితే దీపం వెలుగుతుంది.

అడుగున బిళ్ళ బ్యాటరీ, దాని మీద రేకు మూత. ఆ మూతకి మరమేకు బిగించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాడు. అంత సన్నటి మర విప్పే పనిముట్టు కొడుకింట్లో ఉండదు, బ్యాటరీ అయిపోతే రైళ్ళు ఏ బీరువా మీదకో చేరతాయి. అందుకని గోటితో లేపితే వచ్చేసేలా చేశాడు. ఆ గోరు ఎవరిదైనా కావచ్చని అప్పుడు ఆయనకు తట్టలేదు.

బస్సులో అయిదు గంటల దూరం. తాతయ్యకీ నాయనమ్మకీ ఏడాదికి రెండుసార్లకు మించి రావడం కుదరదు. వచ్చినప్పుడల్లా పిల్లలు వాళ్ళని కొత్తగానే చూస్తారు. తొమ్మిది నిమిషాలు ముందు పుట్టినవాడు గంటలోపే తాతయ్య భుజమెక్కి జుట్టు పీకుతాడు. వాడు పిడుగు. రెండోవాడు తల్లి కాళ్ళ వెనక నిలబడి ఒక పూటంతా వీళ్ళని పరీక్షగా చూసి, అప్పుడు గానీ దగ్గరికి రాడు. వాడు ముని. నాయనమ్మ ఆ పేర్లు పెట్టింది, అవే స్థిరపడిపోయాయి.

కొడుకు అచ్చుయంత్రం మీద పనిచేస్తాడు, కోడలు సిటీ బస్సు నడుపుతుంది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆ మధ్యాహ్నం అందులో పాతికమంది దాకా ఉన్నారు. కోడలితో పనిచేసే డ్రైవర్లు, కొడుకు అచ్చాఫీసు వాళ్ళు, వాళ్ళ పిల్లలు. పదకొండున్నరకి కేకు కోశారు. కరెంటు దీపాలార్పి కర్టెన్లు లాగితే రెండు రైళ్ళూ చీకట్లో కళ్ళు తెరుచుకుని నేలమీద పరుగులు తీశాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరు చేశారని ఎవరో అడిగితే, మామయ్యే, ఇంకెవరికొస్తుంది ఆ పనితనం అని కోడలు అంది. తాతయ్యకి ఆ మాట చాలా సేపు చెవుల్లోనే ఉంది.

పన్నెండు దాటాక, మంచినీళ్ళకని లేచినప్పుడు ఆయనకు కుర్చీ కింద ఎర్ర రైలు కనిపించింది. పక్కకి పడి ఉంది. తీసి పొగగొట్టం నొక్కాడు. వెలగలేదు. తిప్పి చూశాడు. మూత లేదు, బ్యాటరీ లేదు.

ఎక్కడో దొర్లి ఉంటుందిలే అనుకున్నాడు. అనుకుంటూనే మోకాళ్ళ మీద కూర్చుని సోఫా కింద తడిమాడు. మూత కర్టెను అంచున దొరికింది. బ్యాటరీ దొరకలేదు. తాతగారికీ ఇవాళే రెండేళ్ళు నిండినట్టున్నాయని ఒక డ్రైవరు నవ్వాడు. ఆయనా నవ్వాడు. నవ్వుతూ బల్ల కిందికి పాకాడు.

ఆయన భయానికి కారణముంది. తడిసిన వాచీలు ఎన్నో చూశాడు. బ్యాటరీకి తేమ తగిలితే వాచీ లోపలి ఇత్తడి రేకుని కూడా తినేస్తుంది, నల్లగా గుంట పడుతుంది. ఇత్తడినే తినే వస్తువు పసిగొంతులో ఏం చేస్తుంది? బ్యాటరీల అట్టమీద పసిపిల్లాడి బొమ్మ వేసి దానిమీద అడ్డగీత కొట్టి ఉండటం ఆయనకు గుర్తుంది. భూతద్దం పెట్టి చదివాడు కూడా. చదివి, అట్ట చెత్తబుట్టలో వేశాడు.

పిల్లలకోసం చూశాడు. పిడుగు బుడగ వెంట పరిగెడుతున్నాడు. ముని తల్లి ఒళ్ళో ఉన్నాడు. కోడలు ఎవరితోనో మాట్లాడుతూ పకపకా నవ్వుతోంది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ పాతికమంది ఎదుట, తన చేతిపని మెచ్చుకున్న ఆ కోడలి ముందు, నేను చేసిన బొమ్మలోంచి విషం లాంటిది ఊడిపడిందని చెప్పడానికి నోరు రాలేదు. ఇంకొక్కసారి వంటగది గుమ్మం దగ్గర చూద్దాం, దొరికితే ఎవరికీ తెలియనక్కర్లేదు అనుకున్నాడు. వంటగది చూశాడు. చెప్పుల అర చూశాడు. స్నానాలగది తలుపు వెనక చూశాడు.

అప్పుడు ముని ఏడుపు వినిపించింది. వెళ్ళి చూస్తే చొక్కా ముందుభాగమంతా చొంగతో తడిసిపోయి ఉంది.

తాతయ్య కోడలి పక్కన కూర్చుని, ఆమెకి మాత్రమే వినపడేలా చెప్పాడు. "అమ్మాయ్, ఎర్ర రైల్లో బ్యాటరీ లేదు. ఇల్లంతా చూశాను. పిల్లలు మింగారేమోనని భయంగా ఉంది."

కోడలి ముఖంలో నవ్వు చెరిగిపోవడం ఆయన దగ్గరనుంచి చూశాడు. ఆమె కేక పెట్టలేదు. లేచి, మునిని భుజాన వేసుకుని, పిడుగు చెయ్యి పట్టుకుని, అందరూ ఒకసారి కదలకుండా నిలబడండని అంది. విషయం చెప్పగానే నలుగురు డ్రైవర్లు సోఫా ఎత్తారు, తివాచీ దులిపారు, కేకు పళ్ళేలు సైతం వెతికారు. ఈలోగా కొడుకు ఆసుపత్రికి ఫోను చేశాడు. అటునుంచి నర్సు చెప్పిందంతా గట్టిగా తిరిగి చెబుతున్నాడు: వాంతి చేయించొద్దు, నీళ్ళొద్దు, తిండొద్దు. తేనె ఉంటే పది నిమిషాలకోసారి రెండు చెంచాలు, దారిలో. వెంటనే బయల్దేరండి. ఎవడు మింగాడని ఆమె అడిగినట్టుంది. కొడుకు ఆగి, తెలీదండీ అన్నాడు.

అయితే ఇద్దర్నీ తీసుకురమ్మంది.

కారు కోడలే నడిపింది. కొడుకు తాళంచెవి ఆమెకే ఇచ్చేశాడు. తేనెసీసా ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నాడు. వెనక నాయనమ్మ ఒళ్ళో పిడుగు, తాతయ్య ఒళ్ళో ముని. ఆదివారం రద్దీ. కోడలు ఒక్కసారి కూడా హారను కొట్టలేదు, సిగ్నల్ దీపాల దగ్గర సణగలేదు. సందు దొరికిన చోటల్లా నీళ్ళు దూరినట్టు కారు దూరిపోయింది. అద్దంలో ఆమె కళ్ళు మాత్రం క్షణానికోసారి వెనక్కి వచ్చి పిల్లల మీద వాలుతున్నాయి.

పిడుగు తేనె చప్పరించి ఇంకా కావాలన్నాడు. ముని పెదాలు బిగించి తల తిప్పేశాడు. తేనె గడ్డం మీదుగా కారింది, దాంతోపాటు చొంగ. తాతయ్య ఆ చిన్న గొంతు మీద వేళ్ళు ఆన్చి ఉంచాడు. లోపల వేడిగా తగులుతుందేమోనని ఆయన పిచ్చి భయం.

ఆసుపత్రిలో వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు. డాక్టరమ్మ చిన్న వయసుది, గబగబా నడుస్తూనే ప్రశ్నలడిగింది. తాతయ్య, బయల్దేరేముందు నీలం రైల్లోంచి ఊడదీసుకున్న బ్యాటరీని జేబులోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఇలాంటిదే, ఇరవై మిల్లీమీటర్లు, మూడు వోల్టులు, కొత్తది అని చెప్పాడు. ఎంతసేపైందని ఆమె అడిగింది. జీవితమంతా టైముతో బతికిన మనిషి, తప్పు చెప్పలేకపోయాడు.

"పదకొండున్నరకి దీపం వెలిగింది, నేను చూశాను. పన్నెండూ పదికి ఆరిపోయిన రైలు నా చేతిలో ఉంది."

కోడలు ఆయనవైపు తిరిగింది. తనకి చెప్పింది పన్నెండూ ఇరవై అయిదుకి. ఆమెకి కూడా టైము పట్టింపు ఉన్న ఉద్యోగమే. ఆ చూపుకి తాతయ్య తల దించుకున్నాడు.

ఎక్స్‌రేకి ముందు ఎవర్ని పంపుతారన్నారు. అందరూ మునినే అన్నారు. చొంగ వాడిదే, ఏడుపూ వాడిదే. కోడలు వాణ్ణెత్తుకుని లోపలికి వెళ్ళింది. నడవాలో పిడుగు కొత్త చోటు దొరికిన సంతోషంతో కుర్చీల మధ్య దాగుడుమూతలాడుతున్నాడు. అటుగా వెళ్ళే ఒక రోగి చేతికర్ర పట్టుకుని లాగాడు. నాయనమ్మ వాడి వెంట తిరుగుతోంది. తాతయ్య కళ్ళు మాత్రం మూసిన తలుపు మీదే ఉన్నాయి.

అయిదు నిమిషాలకి డాక్టరమ్మ వచ్చి ఈ బాబుకి ఏమీ లేదని చెప్పింది. దవడపన్ను వస్తోంది, చొంగ దానిదే.

కొడుకు కుర్చీలో కూలబడి ముఖం కప్పుకున్నాడు. తాతయ్యకి ఒక్క క్షణం ఊపిరి తేలికపడింది. బ్యాటరీ ఇంట్లోనే ఎక్కడో ఉంది, ఏ బీరువా కిందో ఉంది, రేపు ఊడ్చినప్పుడు దొరుకుతుంది. అప్పుడే నడవా చివర పిడుగు కిలకిల నవ్వు వినిపించింది. ఆయన ఆ నవ్వువైపు తల తిప్పాడు. ఇంకా ఫొటో తీయాల్సింది వాడికే.

రెండో ఫొటోలో అది స్పష్టంగా ఉంది. ఎముకల నీడల మధ్య, గొంతు దిగిన చోట, తెల్లటి గుండ్రటి బిళ్ళ. నాణెం కావచ్చా అని కొడుకు ఆశగా అడిగాడు. డాక్టరమ్మ జవాబు చెప్పేలోపే తాతయ్య తల అడ్డంగా ఊపాడు. అంచు లోపల ఇంకో అంచు, గుండ్రంలో గుండ్రం. అలాంటివి కొన్ని వేలు ఆయన వేళ్ళ మీదుగా పోయాయి.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. ఇంతకుముందు పరుగులు తీసిన పిల్లాణ్ణి బల్లమీద పడుకోబెట్టి తీసుకుపోయారు. అమ్మా అని ఒక్కసారి పిలిచాడు. తలుపులు మూసుకున్నాయి. మత్తిచ్చి గొట్టంతో తీస్తామని, తీశాక గానీ లోపల ఎంత కాలిందో తెలియదని చెప్పారు.

తాతయ్య గోడ గడియారం కింద నిలబడ్డాడు. ఆ గడియారం ఒకటిన్నర నిమిషం వెనక ఉందని ఆయన చూసుకున్నాడు. అలాంటివి చూడటం తప్ప ఇంకేం చేతకాదు. ముల్లు కదిలినప్పుడల్లా ఇత్తడి రేకు మీద నల్లటి గుంట కళ్ళముందుకొస్తోంది. తను దాచిన పదిహేను నిమిషాల్లో ఆ గుంట ఎంత లోతు పోయి ఉంటుందో లెక్కవేయబోయి, తనకే భయమేసి మానేశాడు.

ముని నిద్రపోయాడు. వాణ్ణి భర్తకిచ్చి కోడలు వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆయనే ముందుగా అన్నాడు. "పన్నెండూ పదికే చూశానమ్మా. దొరుకుతుందేమోనని వెతికాను. సిగ్గేసి చెప్పలేదు."

కోడలు తలుపులవైపే చూస్తోంది.

"ఆ పదిహేను నిమిషాలు నేను మర్చిపోలేను మామయ్యా," అంది. "మీరు అసలు చెప్పకపోయుంటే, వాడు రాత్రంతా నవ్వుతూనే ఉండేవాడు, మనకి తెలిసేదే కాదు. అదీ మర్చిపోలేను." ఆయన మళ్ళీ ఏదో అనబోతే ఆపింది. "ఇప్పుడింకేం మాట్లాడకండి."

నలభై నిమిషాలకి డాక్టరమ్మ వచ్చింది. చిన్న గిన్నెలో బ్యాటరీ. ఒకవైపు నల్లబడి ఉంది. అన్నవాహిక గోడ కాలింది గానీ చిల్లుపడలేదు, తేనె కాస్త కాపాడింది, మీరు రావడం ఇంకా ఆలస్యమైతే వేరేగా ఉండేదని చెప్పింది. గండం పూర్తిగా తప్పిందనుకోవద్దు, కాలినచోట తర్వాత కూడా తెగవచ్చు, కొన్నాళ్ళు కనిపెట్టి ఉండాలంది. నాయనమ్మ అప్పుడు ఏడ్చింది. అందాకా ఎలా ఆపుకుందో తెలియదు.

నాలుగు రోజులు పిడుగు ముక్కులో గొట్టంతో ఉన్నాడు. దాన్ని పీకేయకుండా ఎవరో ఒకరు చేతులు పట్టుకునే ఉండాలి. పగటిపూట ఆ పని తాతయ్య తీసుకున్నాడు. పిల్లాడు దగ్గితే చాలు, దుప్పటి మీద నెత్తురేమోనని వంగి చూసేవాడు. ఇంటిదగ్గర ముని గది గదికీ తిరిగి అన్నని వెతుకుతున్నాడని, తలుపు చప్పుడైతే పరిగెత్తుతున్నాడని నాయనమ్మ ఫోనులో చెప్పేది. అయిదో రోజు మళ్ళీ ఫొటో తీసి, చెంచాతో నీళ్ళు పట్టారు. గొంతు కదిలింది. అందరూ ఆ గొంతునే చూశారు. వాడు ఇంకో చెంచాకి నోరు తెరిచాడు.

ఇంటికొచ్చిన వారానికి కొడుకు సెలవు అయిపోయింది, కోడలికీ డ్యూటీ పడింది. తాతయ్య పెట్టె సర్దుకోవడం ఆమె చూసింది. మీరిద్దరూ ఉంటే గానీ కుదరదంది.

"నా దగ్గర వదిలి వెళ్తావా?" అన్నాడాయన. "నాకే భయంగా ఉందమ్మా."

"నాకూ భయమే. అయినా బస్సు తీయాలిగా," అంది. చెప్పులు వేసుకుని, గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి పిల్లలిద్దర్నీ చూసి, వెళ్ళిపోయింది. మెట్లమీద ఆమె అడుగులు రెండుసార్లు ఆగడం ఆయన విన్నాడు.

నాయనమ్మ మునికి స్నానం చేయిస్తోంది. తాతయ్య పిడుగుకి గిన్నెలో పాలు పట్టాడు. డాక్టరమ్మ చెప్పినట్టే, గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా. మూడో గుక్కకి వాడికి పొలమారింది. కళ్ళు ఎర్రబడి, ముఖం కందిపోయి దగ్గాడు. తాతయ్య పైప్రాణాలు పైనే పోయాయి. వాణ్ణి ముందుకు వంచి వీపు నిమిరాడు, దుప్పటి చూశాడు, నోరు తెరిపించి చూశాడు, పాలగిన్నె వెలుతురులో పెట్టి చూశాడు. ఏమీ లేదు. ఉత్త పొలమారడం.

పిడుగు దగ్గు ఆపి, తాతయ్య ముఖాన్ని వింతగా చూశాడు. ఆయన పెదవులు వణుకుతున్నాయి. వాడు రెండు చేతులా గిన్నె ఎత్తి, సగం ఒలకబోస్తూ, ఆయన నోటికి ఆన్చాడు.

"తాత తాగు."

తాతయ్య ఒక గుక్క తాగాడు. మింగడానికి చాలాసేపు పట్టింది.