హాస్టలు కుండ

అమ్మ గుడ్డసంచిలో రెండు లంగాలు, ఒక ఓణీ, తెలుగు వాచకం, లెక్కల పుస్తకం పెట్టి మూతి బిగించింది. నేను ఆ ముడి విప్పి మళ్లీ కట్టాను. దారిలో ఊడిపోతే అక్క పుస్తకాలు పడిపోతాయని నా భయం.

మా ఎమ్మిగనూరులో థర్డు ఫారం, అంటే ఎనిమిదో తరగతి, దాటితే చదువు లేదు. అక్క సులోచన అందరికంటే ఎక్కువ మార్కులతో ప్యాసయింది. హైస్కూలుకు ఆదోని పోవాలి. ఆదోనిలో మాకు చుట్టాలు లేరు, కులంవాళ్ల ఉచిత హాస్టలు ఒకటుంది. దానికి బియ్యం మా ఇళ్ల నుంచే పోయేది. ఎసట్లో పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి హాస్టలు కుండలో వేయాలి. నాయన పోయాక మగ్గాలకు నూలు కండెలు చుట్టి మమ్మల్ని సాకిన అమ్మ, మేము గంజి తాగిన రోజు కూడా ఆ పిడికెడు మానలేదు. బియ్యం పెట్టినవాళ్ల బిడ్డను కాదనరని ఆమె నమ్మకం. కుండ ఒళ్లో పెట్టుకుని మా ఇద్దరితో బస్సెక్కింది.

హాస్టలు మేనేజరు దేవేంద్రప్ప మొదట బియ్యాన్ని చెక్కపెట్టెలో పోయించుకున్నాడు. తర్వాత ఆడపిల్లకు జాగా లేదన్నాడు. వరండాలో ఒక మూల చాలని అమ్మ బతిమాలింది.

“బియ్యమిచ్చినావు, పుణ్యమొచ్చింది. పోయి బిడ్డకు పెండ్లి సెయ్యమ్మా.”

విస్తళ్ల ముందు కూర్చున్న హాస్టలు మగపిల్లలు నవ్వారు. వంటకు పెట్టుకోండి సార్ అన్నాడొకడు.

“మాయమ్మ బియ్యం మాకియ్యప్పా,” అని అక్క పెట్టెలో రెండు చేతులూ పెట్టింది.

దేవేంద్రప్ప మూత పడేసి దానిమీద కాలేసి తొక్కాడు. వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినపడింది. అమ్మ ఆ కాలు పట్టుకుని లాగితే వాడు ఆమె నోటిమీద తన్నాడు. రెండు పళ్లు గచ్చుమీద పడ్డాయి. మూత లేవగానే అక్క వాడి చెవి కొరికింది. వాడు ఆమె జడ చేతికి చుట్టుకుని తలను రుబ్బురోలుకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. విస్తళ్ల ముందు నుంచి ఒక్కరూ లేవలేదు.

అక్క జారిపడిందని పోలీసులకు చెప్పకపోతే వెలివేస్తామన్నారు కులపెద్దలు. నేనింకా చిన్నపిల్లను. అమ్మ అలాగే చెప్పింది.

మరుసటి నెల బియ్యం కోసం మనిషి వచ్చాడు. అమ్మ ఆ ఖాళీ కుండను వాడి కాళ్లమీదే పగలగొట్టింది.

సంచి ముడి విప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. అందులోని వాచకంతోనే చదవడం నేర్చుకున్నాను.

అక్క సులోచన 1939 జూన్ 19, సోమవారం ఎమ్మిగనూరు నుంచి బయలుదేరింది. బుధవారం ఆదోని ఆసుపత్రిలో చనిపోయింది. తిరిగి రాలేదు.