నా దాంట్లో నడుస్తోంది

బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. మా టీమ్ లీడ్.

"ఏంటండీ ఇది? కస్టమర్ దగ్గర ప్రోగ్రామ్ తెరుచుకోవట్లేదు. నా దాంట్లో బ్రహ్మాండంగా నడుస్తోంది. మీరేదో కెలికుంటారు. నాలుగింటికి డెమో, గుర్తుందిగా?"

గుండె గుభేలుమంది. నేనేమీ కెలకలేదు. అయినా నిన్న ఏమేం చేశానో గుర్తు చేసుకున్నాను. ఇంట్లోనైనా ఆఫీసులోనైనా ఏం పగిలినా ముందు నా చేతులే చూసుకోవడం అలవాటైపోయింది. ఇంకొక్క పొరపాటు జరిగితే ప్రాజెక్టు నుంచి తప్పిస్తామని పోయిన నెలే చెప్పారు.

వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. మామగారికి ఫ్యాను గాలి పడదు, అత్తగారికి ఫ్యాను లేకపోతే నిద్ర పట్టదు. చెరో గది ఇచ్చేసరికి నా పని గది పోయింది. "ఇంట్లో కూర్చుని చేసేదే కదా, నీకేం?" అన్నారు మా ఆయన. ఆఫీసులోనూ నాది సర్దే పనే. మా ప్రోగ్రామ్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడు రకాల కంప్యూటర్లలోనూ ఒకేలా నడవాలి. అది ఆధారపడే లైబ్రరీల్లో, అంటే వేరేవాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్ ముక్కల్లో, ఒకటి కొత్త వెర్షన్ కావాలంటుంది, ఇంకొకటి పాతదుంటే తప్ప కదలనంటుంది. ఏది ఏ వెర్షన్‌లో ఉంటే మూడింటిలోనూ గొడవ రాదో మూడు వారాలు తంటాలు పడి ఒక ఫైల్లో రాసి పెట్టాను. అన్నీ సవ్యంగా నడిచిన రోజున ఆ ఫైలొకటి ఉందని కూడా ఎవరికీ తెలియదు.

కోడ్‌లో ఎవరు ఏం మార్చారో చూపే మార్పుల జాబితా చూశాను. నిన్న సాయంత్రం లీడ్ ఆ ఫైలు తీసేశారు. ఆయన కంప్యూటర్లో పాత లైబ్రరీలు అలాగే ఉన్నాయి కనుక ఆయనకేం కాలేదు. కస్టమర్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసేసరికి అన్నీ కొత్త వెర్షన్లు దిగి ఒకదానితో ఒకటి కొట్టుకున్నాయి. ఒళ్లు మండిపోయింది.

మళ్లీ ఫోన్. మా ఆయన. "అమ్మ మాత్ర వేసుకుందా?"

"అత్తయ్య ఫోన్ ఆవిడ పక్కనే ఉంది, మీరే అడగండి" అని పెట్టేశాను. పెళ్లయిన పదకొండేళ్లలో అలా అనడం అదే మొదటిసారి. ఫోన్ బోర్లా పెట్టి మళ్లీ లాప్‌టాప్ వైపు తిరిగాను.

ఫైలు వెనక్కి తెచ్చి, మూడు సిస్టమ్‌ల మీదా మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేశాను. మూడూ తెరుచుకునేసరికి నాలుగుకు పది నిమిషాలుంది. లీడ్‌కి చెప్పాను.

"హమ్మయ్య! ఎవరైనా అడిగితే మీ వైపు చిన్న పొరపాటు, సరిచేశామందాం. డెమో రోజు గొడవెందుకు?"

పోయిన రెండుసార్లూ ఇలాగే సరేనన్నాను. ఆ రెండూ నా పనితీరు రిపోర్టులో నా పొరపాట్లుగానే చేరాయి.

వీడియో కాల్‌లో డెమో బాగానే నడిచింది. చివర్లో మేనేజర్ అడిగారు, "ఇంతకీ మధ్యాహ్నం ఏమైంది?"

లీడ్ గొంతు సవరించుకున్నారు. ఆయనకంటే ముందు నేను మైకు ఆన్ చేశాను.

"పొరపాటు నాది కాదండీ. వెర్షన్ల ఫైలు నిన్న సాయంత్రం లీడ్ గారు తీసేశారు. ఇదివరకు రెండుసార్లు జరిగింది కూడా నా వల్ల కాదు."

మార్పుల జాబితా తెరిచాను. అందులోంచి ఆ రెండింటి తేదీలు కూడా చదివాను.