మే నెల మొదటినాటి నిప్పు

ఒనోరా ఇంటి పొయ్యి ఆరిపోయింది మే నెల మొదటిరోజున. నాప్లా మోకాళ్ళ మీద కూర్చుని బూడిదను వేళ్ళతో కెలుకుతూనే ఉంది. ఒక్క కణిక లేదు. రోజూ పడుకునే ముందు నిప్పుల మీద బూడిద కప్పి, పొయ్యిని కాచే బ్రిజిడ్ తల్లిని తలచుకుని, పొద్దున వాటినే ఊది రాజేయడం ఆమె పని. పనిమనిషిగా ఆ గడప తొక్కిన నాటినుంచీ అదే పని. నిన్న ఒనోరా ఆయాసం చూస్తూ కప్పడం మరచింది.

మంచం మీంచి ముసలామె గొంతు వినిపించింది.

"నిప్పుందా నాప్లా? ఆరిన పొయ్యిని చూస్తూ నేను పోలేనే."

"రాజేస్తున్నానమ్మా."

రాతిగోడ దాటి పొరుగింటికి పరుగెత్తింది. బైబీన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మే మొదటినాడు నిప్పడుగుతావా! ఇచ్చానంటే ఏడాది వెన్నంతా మీ ఇంటికి నడిచొస్తుంది. మతి పోయిందా, మంత్రగత్తెల్లో కలిశావా?"

"మా ఒనోరమ్మ ఇవాళ దాటేట్టు లేదు, బైబీనక్కా. మీ నిప్పు మా పొయ్యిలోదే కదా? కొత్తిల్లు కట్టుకున్నప్పుడు పట్టుకెళ్ళావు."

"పట్టుకెళ్ళింది మే నెలలో కాదుగా!"

తలుపు మూసుకుంది.

నాప్లా తిరిగివచ్చి చల్లని పొయ్యి ఊడ్చింది. వంటచెరకుగా బాడవలో కోసి ఎండబెట్టిన మట్టిగడ్డలు పేర్చింది. తన శాలువ తీసి ఒనోరా పాదాలకు చుట్టింది. ఇంతలో తలుపు కిర్రుమంది. బైబీన్! ఆమె శాలువ లోంచి పొగ వస్తోంది. లోపల ఇనుప కుండ.

"ఇవ్వడానికి రాలేదే. చుట్టపుచూపుగా వచ్చాను, నా నిప్పు నా వెంట వచ్చింది. నేను పక్కన కూర్చున్నంతసేపూ ఇది నాదే. రేపు పొద్దున నేను లేచి వెళ్ళాక మిగిలింది నీది."

"మీ ఆయన ఏమంటాడో?"

"వెన్న రాకపోతే పిల్లి మీదకి నెట్టేస్తాలే."

నాప్లాకు నవ్వొచ్చింది. వంగి ఊదింది. గోడ మీద వెలుగు పడగానే ఒనోరా ముఖం అటు తిప్పింది.

"ఎవరే?"

"బైబీనక్క వచ్చిందమ్మా, నిప్పుతో."

"కాళ్ళు కాల్చుకోకుండా కూర్చోమను."

పొద్దువాలే వేళకు ఒనోరా శ్వాస ఆగింది. ప్రాణం వెళ్ళడానికి నాప్లా కిటికీ తెరిచింది. కాసేపాగి, తిరిగి రాకుండా మూసింది. బైబీన్ పీట వదలలేదు. కూర్చున్న చోటునుంచే చెయ్యి చాచి నాప్లాను దగ్గరకు లాక్కుంది.

"ఏడవకే. రేపటినుంచి ఈ పొయ్యి నీదే. నువ్వు మరిచిపోతే గోడ మీంచి నేను కేకేస్తాను."

మంచం పక్క బుట్టలో, అల్లిక సూదులతోనే ఉంది ఒనోరా మొదలుపెట్టిన ఉన్ని మేజోడు. దానికి మడమ ఇంకా అల్లవలసి ఉంది.