జంగు ఉండాలె

వీరేశానికి తప్పులు పట్టడం ఉద్యోగం, తుప్పు పట్టినవి పట్టడం వ్యసనం. మొదటిదానికి మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ జీతమిస్తుంది. రెండోది ఆ జీతం ఇల్లు చేరకముందే దానికి చిల్లు పెడుతుంది. పగలంతా పరాయివాళ్ళ ప్రోగ్రాముల్లో బగ్గులు ఏరి, సాయంత్రం కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి, అపార్టుమెంటు చేరగానే లిఫ్టు ఎక్కడు, సెల్లార్‌లోకి దిగుతాడు. సెల్లు ఆరిపోతుంది కనుకనే దానికి సెల్లార్ అని పేరు పెట్టారని ఆయన సిద్ధాంతం. అక్కడ ఆఫీసు ఫోను రాదు, భార్య ఫోను రాదు. ఉండేవల్లా పాత బి.ఎం.ఎక్స్. సైకిళ్ళు. ఎనభైల్లో పిల్లలు మట్టిదిబ్బల మీంచి ఎగిరించి మోకాళ్ళు పగలగొట్టుకున్న, చిన్న చక్రాల, పొడవు కొమ్ముల బండ్లు. కొన్నిటికి హ్యాండిలు లేదు, కొన్నిటికి సీటు లేదు, అన్నిటికీ దుమ్ము ఉంది.

"అందరిండ్లల్ల చక్రాలు డబ్బాల ఉంటయి, మా ఇంట్ల మంచం కింద ఉంటయి" అంటుంది భార్య భూలక్ష్మి. "బి అంటే బతుకు, ఎం అంటే మట్టి. ఎక్స్ అంటే ఇగ కొట్టేసుడే."

వీరేశం పుట్టింది పుప్పాలగూడలో, అక్కడ అంతస్తులకు బదులు జొన్నలు మొలిచిన రోజుల్లో. వాళ్ళింట్లో తుప్పును తుప్పని ఎవరూ అనలేదు. నాగలికి పట్టినా, గేటుకు పట్టినా జంగే. ఆ జంగంటే ఆయనకు భక్తి. కంపెనీ వేసిన రంగు, దానిమీద కాలం వేసిన జంగు, రెండూ కలిస్తేనే బండి అంటాడు. గీకి కొత్త రంగు వేయడమంటే ముసలామె ముడతలకు ఇస్త్రీ చేయడమే. ముడత పోదు, ముసలామె పోతుంది.

ఆ ఇస్త్రీపెట్టె పట్టుకున్న మనిషి సరిగ్గా పక్క పార్కింగులోనే ఉన్నాడు. పేరు సోమేశ్వరరావు, ఊరు కాకినాడ పక్క, పని ఇంటి నుంచే. ఆయనా పాత బి.ఎం.ఎక్స్.లే పోగేస్తాడు. కాకపోతే దొరికినదాన్ని దొరికినట్టు ఇనుము కనబడేదాకా గీకి, ప్రైమరు కొట్టి, రంగు కొట్టి, మొహం కనబడేలా మెరిపిస్తాడు. ఈ హైటెక్కుల సిటీలో గీకులకు కొదవ లేదు గాని, నిజంగా గీకే గీకు ఆయనొక్కడే.

ఇద్దరికీ పడదు. పడకపోవడమంటే పలకరించుకోకపోవడం కాదు, రోజూ పలకరించుకుంటారు.

"ఏందీ రంగేశ్వర్‌రావ్ సార్, గియ్యాల ఎవరికి సున్నం కొట్టిన్రు?"

"మీ దయ వల్ల బాగానే కొడుతున్నానండీ తుప్పేశం గారూ. మీ సామాను పాత ఇనుం వాడు ఇంకా పట్టుకెళ్ళలేదేం?"

"ఇది సామాను గాదు సార్, మ్యూజియం."

"అవునవును. సాలార్‌జంగ్ మ్యూజియం ఊళ్ళో ఉంది, సాలా చెత్త మ్యూజియం ఇక్కడుంది."

ఈ మాట వీరేశానికి మంట పుట్టించింది. ఎందుకంటే నగరంలోని పాత బండ్లవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా అందరూ ఆయన్ను ఇనప సామాను వాడి కిందే జమకట్టారు. ఏటా నార్సింగిలో జరిగే ప్రదర్శనలో సోమేశ్వరరావు బండ్లు లైట్ల కింద నిలబడేవి. వీరేశం మాత్రం జనంలో నిలబడేవాడు.

ఈసారి అలా కాదు. ఈసారి వీరేశం దగ్గర తూఫాన్ ఉంది.

గజరాజ్ అనే కంపెనీ పెట్టీపెట్టగానే మూతపడింది. మూతపడేలోపు చేసిన కాసిని బండ్ల పేరే తూఫాన్. ఎర్ర రంగు, గొట్టం మీద పసుపు మెరుపు స్టిక్కరు, ఆ మెరుపు చుట్టూ ముద్దమందారంలా విచ్చుకున్న జంగు. తన దగ్గరున్న మూడు మంచి బండ్లు ఇచ్చేసి బేగంబజారు వ్యాపారి దగ్గర దాన్ని మార్చుకున్నాడు. ప్రదర్శనలో 'ముట్టని బండ్లు' అని ఒక విభాగం ఉంది. కంపెనీ రంగు మీద మనిషి చెయ్యి పడనివాటికే అందులో చోటు. గ్రూపు నడిపే జాయ్స్ మేడమ్ ఫోటో చూసి, 'ఆదివారం ప్రదర్శనలో మధ్య బల్ల మీదే' అని స్వయంగా రాసింది. ఆ చర్మం మీద గోరంత గీత పడినా మధ్య బల్ల లేదు, మళ్ళీ జనంలోకే. అందుకే వీరేశం దాన్ని గుడ్డతో కూడా తుడవలేదు. దోమ వాలితే దోమనే బతిమాలాడు.

బుధవారం మధ్యాహ్నం వాన దంచింది. హైదరాబాద్‌లో వాన పైనుంచి పడుతుంది గాని కిందినుంచి వస్తుంది. రోడ్డు మీది నీళ్ళు సెల్లార్ వాలు చూసుకుని లోపలికి దిగాయి. భూలక్ష్మి ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఏమయ్యా, నీ మ్యూజియం మునుగుతున్నది."

ఆ రోజే కంపెనీలో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్. రిలీజ్ ఉంది కనుక వీరేశానికి రిలీజ్ లేదు. అయినా లేచి నిలబడ్డాడు. "తూఫాన్ పైకి తీస్కపో లక్ష్మీ!"

"నడుం పట్టేసి నేను మంచంల ఉన్న. మీదింటి సోమేశ్వరరావన్న కిందికి పోతున్నడు, ఆయనకు జెప్తున్న."

"ఆయనకా? పిల్లికి పాలు అప్పజెప్తవా?"

"మరి నువ్వొస్తవా?"

రాలేడు. మేనేజరు అద్దం గది లోంచి చూస్తున్నాడు. గత్యంతరం లేక వీరేశం తన జన్మలో మొదటిసారి సోమేశ్వరరావుకు మెసేజ్ పెట్టాడు. చదివే మనిషి కోస్తావాడు, రాసే మనిషి పుప్పాలగూడవాడు అన్న సంగతి ఆ హడావుడిలో తోచలేదు. తోచినా, జంగుకు ఇంకో మాట ఉంటుందని తోచేది కాదు.

'సార్, మా తూఫాన్‌ను జర పైకి తీస్కపోండ్రి. ఒక్కటే మాట. జంగు ఉండాలె. జంగు లేకుంటే నేను ఊకోను.'

చాలాసేపటికి జవాబు వచ్చింది. 'అలాగేనండి. మీకు జంగే కావాలంటే జంగే. మీ ఇష్టప్రకారమే.' చివర్న రెండు చేతులు జోడించిన బొమ్మ.

వీరేశం గుండె కుదుటపడింది. మనిషి చెడ్డవాడు గాని మాట మీద నిలబడతాడు అనుకున్నాడు. నిలబడ్డాడు కూడా, అదే వచ్చిన చిక్కు.

రిలీజ్ ముగిసి ఇల్లు చేరేసరికి గురువారం పొద్దెక్కింది. నేరుగా సోమేశ్వరరావు ఫ్లాటుకే వెళ్ళాడు. బాల్కనీలో పాత దుప్పటి మీద ఒక సైకిల్ ఫ్రేము పడుకుని ఉంది. ఎరుపు లేదు, పసుపు మెరుపు లేదు. స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. పక్కన గరుకు కాగితాలు, వాటి పక్కన ఎర్రటి పొడి కుప్ప. సోమేశ్వరరావు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"మా తూఫాన్ ఏది సార్?" అన్నాడు వీరేశం, కళ్ళముందున్నదాన్నే చూస్తూ.

"వెలిసిందండీ."

వీరేశం ఆ ఎర్రపొడిని పిడికిట పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. "నేనేం జెప్పిన, నువ్వేం జేసినవ్ రా?"

"ఏకవచనం వద్దు. మీరడిగిందే చేశాను. రాతపూర్వకంగా అడిగారు, ఇదిగో." సోమేశ్వరరావు ఫోను ఎత్తి చదివాడు. "జంగు ఉండాలె, జంగు లేకుంటే ఊకోను. నడుం లోతు నీళ్ళలో దిగి, మీ బండి భుజాన మోసి, వీపు విరిగి పైకొచ్చాను. తుడిచి అప్పగిద్దామని గుడ్డ కూడా తీశాను. అప్పుడు మోగింది మీ ధన్యవాదం. సాయం చేసినవాడి మీద యుద్ధం ప్రకటిస్తారా? కావాలన్నారుగా, చేశాను!"

"ఏ యుద్ధం?"

"జంగంటే యుద్ధం కాదూ?"

వీరేశం అరచేతికి అంటిన ఎర్రపొడిని ఆయన ముందుకు చాచాడు. "జంగంటే తుప్పు సార్! తుప్పు! తుప్పును ముట్టొద్దని రాసిన!"

కాఫీ గ్లాసు సోమేశ్వరరావు పెదవి దగ్గర ఆగింది. ఒక్క క్షణం ఆ ముఖంలో పశ్చాత్తాపం లాంటిదేదో మెరవబోయింది. అంతలోనే దాన్నీ గీకేశాడు.

"తుప్పుకి తుప్పనక జంగంటారేంటండీ చదువుకున్నవారు? అలా అయితే సాలార్‌జంగ్ అంటే ఎవరు, తుప్పుపట్టిన సేనాపతా?"

"మా ఊర్ల మా తాత గూడ జంగనే అన్నడు! ఇరవై ఏండ్లుగ ఈడ ఉంటున్నవ్, మా నీళ్ళు తాగుతున్నవ్, మా మాట ఒక్కటన్న నేర్సుకోలె!"

"మీ నీళ్ళు తాగడమేంటి, నిన్న మీ నీళ్ళలో మునిగానండీ!"

"నీకు తెల్వక గాదు. తెల్వనట్టు జేసినవ్. ఆదివారం మధ్య బల్ల మీద నా బండి ఉంటదని కడుపుమంట!"

ఈ మాటకు సోమేశ్వరరావు గ్లాసు కింద పెట్టి లేచాడు. "మధ్య బల్లా? వినండి అయితే. చెప్పకూడదనుకున్నాను. అబద్ధం, చెప్పాలనే కూర్చున్నాను. పొద్దుట్నుంచీ మీకోసం ఎదురుచూస్తున్నాను. మీ తూఫాన్ నకిలీదండీ."

"నోరు సంబాళించుకో."

"గీకాను కదా, నాకు తెలుసు. పైన తుప్పు, తుప్పు కింద ప్రైమరు. కొత్త ప్రైమరు! ఇనుం మీద తుప్పు పడుతుంది గాని ప్రైమరు మీద పడుతుందా? ఇనప రజను కలిపిన రంగు పూసి, ఉప్పునీళ్ళు చల్లి ఎండబెట్టారు. అసలైన తుప్పయితే కింద ఇనుం గుంటలు పడాలి. చూడండి, మీ ఇనుం పెళ్ళికూతురి బుగ్గలా ఉంది. బండి ఉప్పు తింది, మీరు తుప్పు తిన్నారు. తప్పు ఒప్పుకోండి!"

వీరేశం నమ్మలేదు. నమ్మకపోవడమే ఆయన ఉద్యోగం. ఫ్రేమును తలకిందులు చేశాడు. పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం మూలలో, గరుకు కాగితం దూరని చోట, ఎర్రటి జంగు మచ్చ ఇంకా మిగిలి ఉంది. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, దోమను కూడా వాలనివ్వని ఆ చర్మాన్ని తన చేత్తోనే గీకాడు. ఎరుపు రాలింది. కింద బూడిదరంగు ప్రైమరు, నిన్నమొన్న వేసినట్టు, నున్నగా కనబడింది.

ఊరందరి ప్రోగ్రాముల్లో తప్పులు పట్టినవాడు తను ముద్దుచేసిన తప్పును పట్టలేకపోయాడు. మూడు బండ్లు పోయాయి. మధ్య బల్ల పోయింది. అన్నిటికంటే ఘోరం, ఆ సంగతి ఈ మనిషికి ముందుగా తెలిసింది.

"ఆదివారం అందరి ముందూ చెప్తానండీ," సోమేశ్వరరావు నెమ్మదిగా, ఒక్కొక్క మాటా చప్పరిస్తూ అన్నాడు. "మైకులో. ముట్టని బండిని ముట్టి చూస్తే ఏం తేలిందో. ఫోటోలు కూడా తీశాను. ప్రైమరు చాలా బాగా వచ్చింది."

వీరేశం ఫ్రేమును కింద పెట్టాడు. నోరు మూసుకుంటే ఆదివారం దాకా ఈ మనిషి చేతిలో తాడు, తన మెడలో ఉచ్చు. ఆ తాడు లాగే సంతోషం కోసమే పొద్దుట్నుంచీ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. వీరేశం ఫోను తీశాడు. గ్రూపు తెరిచాడు. సోమేశ్వరరావు చూస్తుండగానే, అక్షరం అక్షరం కొట్టాడు.

'ఆదివారం తూఫాన్ వస్తలేదు. అది నకిలీది. నేను మోసపోయిన. కనిపెట్టింది మన సోమేశ్వరరావు సార్, నేను ఇంట్ల లేనప్పుడు నన్నడగకుండ నా బండి తోలు ఒలిచి.'

పంపాడు. సోమేశ్వరరావు జేబులో ఫోను టింగుమంది. చదివాడు. ముఖం ఆయన కొట్టే రంగుల్లో లేని రంగుకు మారింది.

"ఇదేంటండీ! నేను చెప్పాల్సింది మీరెలా చెప్తారు?"

"నా తప్పు నేనే పట్టుకున్న. అది నా ఉద్యోగం."

"నేను తోలు ఒలిచానా? మీ మెసేజ్ వల్ల కదా! అది రాయండి!"

"నువ్వే రాస్కో. తుప్పుకు యుద్ధమని చదివిన్నని రాస్కో. అందరు నవ్వనీ."

టింగు, టింగు, టింగు. కొందరు వీరేశాన్ని చూసి పళ్ళికిలించిన బొమ్మలు పెట్టారు. ఒకడు 'ఇనప సామాను వాడికి ఇనప రజను' అన్నాడు. వాడు ముందునుంచీ అంతే. తర్వాత జాయ్స్ మేడమ్ రాసింది: 'సోమేశ్వరరావు గారూ, యజమానిని అడగకుండా గీకారా? ఆదివారం మీ బండ్లు వద్దండి. మీరు కూడా మిగతావాళ్ళ బండ్లకు దూరంగా ఉంటే మంచిది.'

సోమేశ్వరరావు దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి పెదవులు కదిలాయి.

"నన్ను ముంచారు కదండీ," అన్నాడు.

"నిన్న నీళ్ళల్ల మునిగిన్నంటివి గద. అలవాటైతది." వీరేశం ఫ్రేమును భుజాన వేసుకుని బయటికి నడిచాడు. లిఫ్టు కోసం ఆగితే ఆ మనిషితో కలిసి నిలబడాల్సి వస్తుందని మెట్లు దిగాడు. ఇంటి గుమ్మంలో భూలక్ష్మి నడుం పట్టుకుని నిలబడి ఉంది.

"అరుపులు అంతా ఇన్న. నకిలీదట గద, ఇగన్న పాత ఇనుంకు ఏస్తవా?"

"ఎయ్య."

"మరేం జేస్తవ్ దాన్ని?"

వీరేశం ఫ్రేముతో మళ్ళీ మెట్లు దిగాడు. సెల్లార్‌లోకి వెళ్ళి, తన స్థలంలో గోడకు ఆనించి పెట్టాడు. నేల ఇంకా తడిగా ఉంది.

ఆదివారం నార్సింగిలో లైట్లు వెలిగే వేళకు ఇద్దరూ సెల్లార్‌లోనే ఉన్నారు, ఒకరికి వీపు తిప్పి ఒకరు. వానాకాలం గాలికి, ఏ పూతా లేని ఆ ఇనుముకు మెడ దగ్గర సన్నగా కాషాయం చుక్కలు లేచాయి. మొదట చూసింది సోమేశ్వరరావు. బట్టలేని ఇనుమును చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాదు. తన పెట్టె తెరిచి ప్రైమరు డబ్బా తీశాడు.

"పట్టేస్తోందండీ. ఇప్పుడే ఒక పూత కొట్టకపోతే రేపటికి మొత్తం తినేస్తుంది."

"తిననియ్."

"ఇది నకిలీది కాదండీ, అసలు తుప్పు!"

"అందుకే."

"ఒక్క పూత. మీకోసం కాదు, నేను చూడలేక."

"చూడలేకుంటే కండ్లు మూస్కో. ఎవని బండి గీకి ఎవడు గుడ్డ కప్పుతడు?"

సోమేశ్వరరావు డబ్బా ఊపుతూ ఒక అడుగు ముందుకు వేశాడు. వీరేశం మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ లాగి, ఫ్రేముకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. కాళ్ళు బారజాపాడు. సోమేశ్వరరావు డబ్బా కింద పెట్టకుండానే వెళ్ళి, తన కుర్చీ తెచ్చుకుని ఎదురుగా వేసుకున్నాడు.

"మీకు ఎప్పుడో ఒకప్పుడు ఆఫీసు ఉంటుంది," అన్నాడు.

"లీవు పెట్టిన," అన్నాడు వీరేశం.