వాలు వెనక మడత

అనర్‌కాన్ పెరట్లో పొద్దున్నుంచీ ఇరుగుపొరుగు బురద ఎత్తిపోస్తున్నారు. నిన్నటి వానకు పై కొండవాలు నుంచి విరుచుకుపడిన బురద ఆ వితంతువు ఆప్రికాట్ తోటను ముంచి, ఆవుల కొట్టాన్ని కూల్చేసింది. అందరికంటే ఎక్కువ చెమటోడుస్తున్నవాడు షార్‌బెక్, ఊరి గొర్రెల కాపరి.

"కాస్త ఆగి రొట్టె తినరా తమ్ముడూ! సొంతవాళ్లు కూడా ఇంత చెయ్యరు," అంది అనర్‌కాన్.

షార్‌బెక్ రొట్టె ముక్క తుంచి, మిగతాది పక్కన పెట్టి మళ్లీ పార అందుకున్నాడు.

పాఠకులారా, ఈ సాయం చూసి ముచ్చటపడకండి. వసంతంలో గడ్డి గింజ రాలేదాకా ఆ వాలును మేపకూడదని మూడేళ్ల కిందట ఊరంతా మాట అనుకుంది. రెండేళ్లకే అడవి తులిప్ పూలు తిరిగొచ్చాయి, కౌజుపిట్టలు గూళ్లు పెట్టాయి, ఎండిన ఊట చెమ్మగిల్లింది. గొర్రెల్ని రోజూ వాగు దాటించి దూరపు బీళ్లకు తోలవలసినవాడు షార్‌బెక్. ఈ ఏడు అతనికి కొడుకు పుట్టాడు. బిడ్డను చూసుకోవాలన్న ఆశతో మందను అనర్‌కాన్ తోటకు ఎగువన, వాలు వెనక మడతలో, ఊరికి కనబడనిచోట వదిలి, మధ్యాహ్నాలు దొడ్డిదారిన ఇంటికి వచ్చేవాడు. ఇంత కొండకు ఆమాత్రం మేత ఒక లెక్కా అనుకున్నాడు.

సాయంత్రం మసీదు ముందు అందరూ చేరారు. పెద్ద మంద గల తొకోన్ లేచాడు.

"గడ్డి మట్టిని ఆపుతుందట, గడ్డి! మూడేళ్లు వాలును వదిలేస్తే ఏం ఒరిగింది? బురద రానే వచ్చింది. రేపట్నుంచి అందరి గొర్రెలూ అక్కడికే!"

తలలు ఊగాయి. "అంతా దేవుడి చిత్తం. తోలుకోండి," అని అనర్‌కాన్ కూడా నిట్టూర్చింది.

షార్‌బెక్ ఆ ఊగే తలల వైపు చూశాడు. నోరు మెదపకుంటే తన తప్పు బయటపడదు. కానీ దానితోపాటు వాలు కూడా నాశనమవుతుంది. అతను లేచి నిలబడ్డాడు.

"వాలును ఎక్కడ వదిలేశాం? వెనక మడతంతా నేనే మేపించాను. ఒక్క పరక మిగల్లేదు. బురద అక్కణ్ణుంచే దిగింది. ముందువైపు, గడ్డి ఉన్నచోట, గుప్పెడు మట్టి కదిలిందేమో వెళ్లి చూడండి."

"నోరు మూసుకుంటే పోయేదిగా, వెధవా!" అని తొకోన్ పళ్లు నూరాడు.

అనర్‌కాన్ షార్‌బెక్ మొహంలోకి చూసింది. "పొద్దున నా రొట్టె తుంచినప్పుడు కూడా తెలుసా నీకు?"

"తెలుసు అక్కా."

అతను తలెత్తలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆమె ఊరివాళ్ల వైపు తిరిగింది. "వీడి సంగతి నా కడుపుమంట చల్లారాక చూస్తాను. వాలు జోలికి మాత్రం ఎవ్వరూ పోవద్దు. ఈ మధ్య వానలు కుండపోతగా పడుతున్నాయి. గడ్డి నిలిస్తేనే పిట్టలకు గూడు, మనకు నీళ్లు, ఇళ్లు. ఒక్కడు చాటుగా మేపితే నా తోట పోయింది. అందరం బాహాటంగా మేపితే ఊరే పోతుంది."